పలక నుంచి తెర దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల్లో యంత్రం ఎవరి చేతికి వచ్చింది?

మన దగ్గర విద్యా సాంకేతికత చరిత్ర రాసిన వాళ్ళు ఇంతవరకూ రాసింది యంత్రాల చరిత్రే. ఏ ఏడు రేడియో వచ్చింది, ఏ ఏడు టీవీ వచ్చింది, ఎన్ని కంప్యూటర్లు కొన్నారు, ఎన్ని కోట్లు ఖర్చయింది అన్నవి ప్రభుత్వ నివేదికల నిండా వుంటాయి. ఆ యంత్రం వున్న గది తాళంచెవి ఎవరి దగ్గర వుంది, దాన్ని ముట్టుకున్న చేయి ఎవరిది, గది వూడ్చిన చేయి ఎవరిది అన్న ప్రశ్నలు మాత్రం వాటిలో కనపడవు. దళిత విద్య చరిత్ర రాసేవాళ్ళకు అసలు ప్రశ్నలు ఇవే.

ఈ వ్యాసం పాత కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుంటుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాక జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాలోకీ, సిరిసిల్ల ఇంకో జిల్లాలోకీ వెళ్ళాయి గానీ వీటి సామాజిక చరిత్ర ఒకటే. దొరల గడీలు, వెట్టి, బీడీల పని, సాంచాలు, గల్ఫ్ వలస ఈ ప్రాంతాన్ని తయారు చేశాయి. ఇక్కడి బడి కూడా వాటి మధ్యే పెరిగింది. అందుకే బడిలోకి వచ్చిన యంత్రాన్ని విడిగా చూడడం కుదరదు.

నల్లబల్ల వెనక అన్నం డబ్బాలు

నల్లబల్లను ఇవాళ ఎవరూ సాంకేతికత అనుకోరు. కానీ ఒకప్పుడు తరగతి గదిలో అదే కొత్త యంత్రం. పంతులు ఒకడు రాస్తే నలభై మంది ఒకేసారి చూడగలగడం దానివల్లే సాధ్యమైంది. ఆ నల్లబల్లతో అంబేద్కర్‌కు జరిగిన అనుభవం ఆయన జీవిత చరిత్రలో నమోదై వుంది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు మాస్టారు లెక్క చేయమని ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిచాడు. వెంటనే సవర్ణ పిల్లలు గోల చేస్తూ లేచి, బోర్డు వెనక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలను పక్కకు లాగేసుకున్నారు. ఆ తర్వాతే ఆయన చాక్‌పీస్ పట్టుకోగలిగాడు. అది వూరి బడి కాదు, మహానగరంలోని సర్కారీ హైస్కూలు.

మన చర్చకు ఇదొక సూత్రం లాంటిది. యంత్రానికి కులం లేదు, నిజమే. కానీ యంత్రం దాకా నడిచే దారికి కులం వుంది. చాక్‌పీసుకీ ఆ పిల్లవాడి చేతికీ మధ్య పది అడుగుల దూరం వుంటే, ఆ పది అడుగుల్లో వూరంతా వుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ప్రపంచ విద్యా చరిత్రలో 'మద్రాస్ పద్ధతి' అని ఒకటి వుంది. 18వ శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరు అనాథ శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, దాన్ని తన బడిలో పెట్టి, తర్వాత ఇంగ్లండుకు తీసుకుపోయాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి, ఇసుక రాత అక్కడి పేద పిల్లల బడుల్లోకి చేరాయి. లండన్ పేదలకు అందిన ఆ ఇసుక, అది పుట్టిన వూళ్ళోని మాల మాదిగ పిల్లలకు అందలేదు. అరుగు మీద బడి జరిగితే ఆ అరుగు ఎక్కే హక్కు వీళ్ళకు లేదు. ఇసుకకు ధర లేదు, అయినా అందలేదు. కాబట్టి 'పరికరం చవకైతే అందరికీ అందుతుంది' అన్న వాదన రెండు వందల ఏళ్ళ కిందే తప్పని తేలింది.

పట్వారీ కలం, దొర గడీ

నిజాం రాజ్యంలో దళితుల చదువు గురించి మొదట గట్టిగా పని చేసింది భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో బడి మొదలుపెట్టాడు. అలా మొదలైన బడులు తర్వాత రెండు డజన్ల దాకా పెరిగాయి. 1930లలో వాటిని నిజాం ప్రభుత్వం తన కిందికి తీసుకుంది. 1931లో ఆయన 'భాగ్యనగర్ పత్రిక' కూడా నడిపాడు. బడి, అచ్చు యంత్రం రెండూ మన చేతిలో వుండాలని ఆ తరానికి తెలుసు. ఇది గమనించదగ్గ విషయం.

కానీ ఆ ఉద్యమం ప్రధానంగా నగరంలోది. కరీంనగర్ పల్లెల్లో పరిస్థితి వేరు. రాజ్యం నడిచేది ఉర్దూలో, భూమి లెక్క వుండేది పట్వారీ పుస్తకంలో. మాల మాదిగలకు వెట్టి వంశపారంపర్యం. మూటలు మోయాలి, కబురు పట్టుకుపోవాలి, అధికారి వస్తే చాకిరీ చేయాలి. పిల్లగాడికి ఏడెనిమిదేళ్ళు రాగానే అప్పు కింద జీతం పెట్టడం, పసుల వెంట పంపడం మామూలు. అక్షరం రాని వాడు అప్పు పత్రం మీద వేలిముద్ర వేస్తాడు, ఎంత రాసుకున్నారో వాడికి తెలవదు. ఆ రోజుల్లో పల్లెను శాసించిన సాంకేతికత పట్వారీ కలమే. దాన్ని చదవలేకపోవడం మన భూమి పోవడానికి ఒక కారణం.

1978లో ఈ ప్రాంతం దేశం కళ్ళలో పడింది. ఆ ఏడు సెప్టెంబర్ 7న వేలాది మంది రైతు కూలీలు జగిత్యాలకు తరలివచ్చారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటాం. వెట్టి, దండుగలు, బంజరు భూముల ఆక్రమణ దాని ప్రశ్నలు. అక్టోబర్ 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఆ పోరాటం గురించి చాలా రాశారు. భూమి, కూలి, వెట్టి గురించి రాశారు. అందులో బడికి వున్న పాత్ర గురించి రాసింది తక్కువ. కరపత్రం చదివి వినిపించడానికి, దరఖాస్తు రాయడానికి, దండుగల లెక్క తీయడానికి నాలుగు అక్షరాలు వచ్చినవాడు కావాలి. వాడలో అలాంటివాడు ఒక్కడున్నా వాడి చుట్టూ పదిమంది కూర్చునేవాళ్ళు. మొదటి తరం చదువుకున్న దళిత, వెనకబడిన కులాల పిల్లలు దొరకు కంటగింపు కావడానికి ఇది ఒక కారణం. చదువు వల్ల ఉద్యోగం వస్తుందని దొర భయపడలేదు. లెక్క అడుగుతారని భయపడ్డాడు.

పెట్టెలోనే వుండిపోయిన కిట్టు

1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987-88లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్ళలో వీలైతే ఒకరు మహిళ, ఇంకా నల్లబల్ల, పటాలు, బొమ్మలు, సైన్సు కిట్టు, చిన్న పనిముట్ల కిట్టు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్ళకు నల్లబల్ల కోసం ఒక జాతీయ పథకం పెట్టుకోవలసి వచ్చిందంటే అప్పటిదాకా బడి ఎట్లా నడిచిందో అర్థం చేసుకోవచ్చు.

1961లో దేశంలో షెడ్యూల్డ్ కులాల అక్షరాస్యత 10.27 శాతం. 1981 నాటికి 21.38. 1991లో 37.41. పాత ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటికి కూడా షెడ్యూల్డ్ కులాల ఆడవాళ్ళలో నూటికి 43 మందికే అక్షరాలు వచ్చు. కిట్లు, యంత్రాలు వచ్చింది ఇలాంటి సమాజంలోకి.

వచ్చిన కిట్టు ఏమైంది? చాలా చోట్ల పెట్టెలోనే వుంది. పగిలితే తన జీతంలోంచి కట్టాలేమోనని హెడ్మాస్టరు భయం. ఆడిట్ వచ్చినప్పుడు లెక్క సరిపోవాలి. వాడితే తగ్గుతుంది, దాస్తే సరిపోతుంది. ఆ విధంగా భూతద్దం, అయస్కాంతం, గ్లోబు బీరువా సొత్తు అయ్యాయి. ఇందులో టీచర్ల తప్పు ఎంత వుందో, వస్తువును పిల్లవాడి కన్నా విలువైనదిగా చూసే ప్రభుత్వ లెక్కల పద్ధతి తప్పు కూడా అంతే వుంది.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, డీపెప్, రాష్ట్రంలో మొదట అయిదు జిల్లాల్లో వచ్చింది. కరీంనగర్ వాటిలో ఒకటి. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆ పథకంలో బడికి ఏటా 2,000 రూపాయలు, టీచరుకు 500 రూపాయలు ఇచ్చేవారు. ఆ 500తో టీచరు తానే బోధనా సామగ్రి తయారు చేసుకోవాలి. అట్టముక్కలు, చింతగింజలు, పుల్లలు, అక్షరాల కార్డులు, గోడ మీద బొమ్మలు. ఇందులో ఆడంబరం ఏమీ లేదు. పగిలితే ఎవరూ అడగరు కాబట్టి పిల్లల చేతికి ఇచ్చారు. పల్లె బడిలో పిల్లల చేయి నిజంగా తగిలిన సాంకేతికతల్లో ఈ చింతగింజలు ముందు వరసలో వుంటాయని నా అభిప్రాయం. ఆ కార్డులతో అక్షరాలు నేర్చుకున్న తరంలో నేనూ ఒకణ్ణి, అందుకే ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాను.

టీవీ పాఠం బడికి, టేప్ రికార్డర్ వాడకు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో సామూహిక టీవీలు పెట్టారు. పొద్దున పిల్లలకు ఒక్కో భాషలో ఇరవై రెండున్నర నిమిషాల పాఠం వచ్చేది. అందులో తెలుగు కూడా వుంది. 1983లో ఇన్సాట్-1బి వచ్చాక హైదరాబాదు సంస్థ తయారు చేసిన తెలుగు పాఠాలు ప్రసారమయ్యాయి. 1987 తర్వాత కేంద్ర పథకం కింద దేశమంతటా సుమారు 37 వేల కలర్ టీవీలు, రెండున్నర లక్షల రేడియో కేసెట్ ప్లేయర్లు బడులకు మంజూరయ్యాయి. కానీ టీవీకి కరెంటు కావాలి. పాఠం వచ్చే టైముకు కరెంటు వుండాలి, బడి గంట ఆ టైముకు కుదరాలి. ఢిల్లీలో, హైదరాబాదులో వేసిన పట్టిక పల్లె బడికి సరిపోలేదు.

అదే కాలంలో ఇంకో దారిలో యంత్రం మన వాడలకు వచ్చింది. 1970ల చివర నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల నుంచి కూలీలు దుబాయి, మస్కట్, సౌదీ పోయారు. అప్పు చేసి పోయినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు టేప్ రికార్డర్ తెచ్చారు. చదువురాని తల్లికి కొడుకు తన గొంతు కేసెట్లో నింపి పంపేవాడు. తల్లి జవాబు అదే కేసెట్టు రెండోవైపు నింపి పంపేది. ఉత్తరం రాయడానికి ఇంకొకడి కాళ్ళ దగ్గర కూర్చోవలసిన అవసరం తప్పింది. అదే టేప్ రికార్డర్లో పాటలు మోగాయి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత వచ్చిన దళిత ఉద్యమ పాటలు, 1994లో మొదలైన దండోరా పాటలు కేసెట్ల మీదే వూరూరికీ నడిచాయి. చరిత్ర, చట్టం, ఆత్మగౌరవం మన వాళ్ళు విన్నది అక్కడే. బడిలో కేసెట్ ప్లేయర్ బీరువాలో వుంటే, వాడలో అది అరుగు మీద వుంది.

ఈ పోలిక నుంచి ఒకటి తేలుతుంది. దళితులకు యంత్రమంటే భయం, కొత్తది నేర్చుకునే చొరవ లేదు అనే మాట తప్పు. తాళం లేని చోట మన వాళ్ళు యంత్రాన్ని తమ అవసరానికి వాడుకున్నారు. తాళం వున్నది బడిలోనే.

కంప్యూటర్ గది

దేశంలో బడి కంప్యూటర్ చరిత్ర 1984లో 'క్లాస్' అనే పథకంతో మొదలైంది. మొదటి ఏడు 250 సెకండరీ స్కూళ్ళకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. పల్లెకు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2004లో కేంద్రం ఐసీటీ పథకం తెచ్చింది. 2008 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 5,000 ప్రభుత్వ హైస్కూళ్ళలో ప్రైవేటు కంపెనీలకు అయిదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చి కంప్యూటర్ విద్య నడిపారు. యంత్రం కంపెనీది, నేర్పే మనిషి కంపెనీ మనిషి, గది సర్కారుది. అయిదేళ్ళు నిండాక యంత్రాలు బడికి మిగులుతాయి. అప్పటికి అవి పాతబడి వుంటాయి, నేర్పే మనిషి వెళ్ళిపోయి వుంటాడు.

ఒక లెక్క వేద్దాం. కేంద్ర పథకం ప్రకారం ల్యాబుకు పది కంప్యూటర్లు. తరగతిలో నలభై మంది పిల్లలు, పీరియడు నలభై నిమిషాలు. యంత్రానికి నలుగురు. అన్ని యంత్రాలూ పనిచేసి, కరెంటు పోకుండా వుండి, అందరూ సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి పది నిమిషాలు. కానీ సమానంగా పంచుకోవడం ఎక్కడ జరుగుతుంది? ఇంట్లో కంప్యూటర్ చూసినవాడు, పట్నంలో చుట్టం వున్నవాడు మొదట కీబోర్డు ముందు కూర్చుంటాడు. వెనక నిలబడి చూసేది ఎవరో మనకు తెలుసు. వాళ్ళలో ఆడపిల్లలు ఇంకా వెనక. ఎవరూ 'నువ్వు ముట్టుకోవద్దు' అనరు. 'ఖరాబు చేస్తవ్, ఆగు' అంటారు. నేను చదివిన ఒక బడిలో కంప్యూటర్ గది వూడ్చే వంతు మాత్రం మా వాడ పిల్లలకు తప్పేది కాదు. ఆ బడి పేరు ఇక్కడ అవసరం లేదు, ఇది ఒక్క బడి కథ కాదు కాబట్టి.

అంటరానితనం ఇక్కడ కొత్త భాష నేర్చుకుంది. పాత రోజుల్లో మైల అన్నారు, ఇప్పుడు ఖరీదు అంటున్నారు. రెండింటి ఫలితం ఒకటే, ఆ చేయి యంత్రానికి దూరంగా వుంటుంది.

2020: బడి లేని ఏడు

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టి-శాట్ అంటే 2002లో వచ్చిన మన టీవీకి కొత్త పేరు. 2021 ఫిబ్రవరి 1న పెద్ద తరగతులు తెరిచి మార్చిలో మళ్ళీ మూశారు. సెప్టెంబర్ 1న గానీ అన్ని తరగతులూ మొదలు కాలేదు. అంటే చిన్న తరగతుల పిల్లలకు ఏడాదిన్నర దాటి బడి లేదు.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్ళలో కంప్యూటర్ వున్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం వున్నవి 14.9 శాతం. మన ప్రాంతంలో ఇంట్లో ఫోను వుందంటే అది తండ్రిది, లేదా గల్ఫ్ నుంచి కొడుకు ఫోన్ చేసేది. అది పాఠం టైముకు ఇంట్లో వుండదు. టీవీ వుంటే ఒకే గదిలో వుంటుంది, అదే గదిలో తల్లి బీడీలు చేస్తుంది. ఆమె పక్కన కూర్చున్న బిడ్డ చేతికి తునికాకు, కత్తెర రావడానికి ఎంతసేపు పడుతుంది? సిరిసిల్లలో సాంచాల పక్కనున్న ఇళ్ళలో పాఠం వినపడడమే కష్టం. పాఠం ప్రసారమైంది, దాన్నే లెక్కలో రాసుకున్నారు. అందిందా లేదా అన్నది వేరే సంగతి.

ఆ సంవత్సరమే అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది గానీ పట్వారీ పుస్తకం పోలేదు, అది ఇప్పుడు తెర మీదికి వచ్చింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అదీ తెర మీదే. అసైన్డ్ భూమి వున్న దళిత రైతు తన పేరు తెర మీద వుందో లేదో చూసుకోవడానికి మీసేవకు పోయి ఇంకొకడి వేళ్ళ మీద ఆధారపడుతున్నాడు. తాత వేలిముద్రకూ మనవడి వేలిముద్రకూ తేడా ఏమిటని అడగవలసిన సమయం ఇదే. బడిలో తెర వాడడం రావాలని మనం అంటున్నది ఫ్యాషన్ కోసం కాదు. భూమి, స్కాలర్‌షిప్, రేషన్, ఉద్యోగం అన్నీ ఆ తెర వెనక వున్నాయి కాబట్టి.

ఇప్పటి తెర

2016 నవంబరులో తెలంగాణ హైస్కూళ్ళలో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. 2022 మార్చి 8న మొదలైన 'మన ఊరు మన బడి' పథకంలో పన్నెండు అంశాలున్నాయి. అందులో ఆకుపచ్చ చాక్‌బోర్డులూ వున్నాయి, నీళ్ళున్న మరుగుదొడ్లూ వున్నాయి, డిజిటల్ విద్యా వుంది. ఒకే జాబితాలో మూడు శతాబ్దాలు పక్కపక్కన నిలబడ్డాయి. సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో 2023 ఫిబ్రవరి 1న కేజీ నుంచి పీజీ దాకా ఒకే ఆవరణలో చదివే విద్యా ప్రాంగణం ప్రారంభమైంది. 2025లో కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో చదువు, లెక్కలు నేర్పే పని మొదలైంది. వీటిని మనం వ్యతిరేకించడం లేదు. మంచి గది, మంచి తెర మన పిల్లలకు హక్కు.

కానీ రెండు విషయాలు చూడాలి. మొదటిది, సర్కారు బడికి తెర వచ్చేసరికి డబ్బున్నవాళ్ళ పిల్లలు ఆ బడిలో లేరు. వాళ్ళు జగిత్యాల, కోరుట్ల ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడులకు పోయారు. మిగిలింది దళిత, ఆదివాసీ, బహుజన పిల్లలు. తరగతి గదిలో పక్కన కూర్చునే అంటరానితనం తగ్గిందని చెప్పుకునే బదులు, తరగతి గదులే వేరైపోయాయని చెప్పుకోవాలి.

రెండోది, యంత్రంలోని పాఠం ఎవరిది? పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు నింపారు. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. సర్కారు టీచరు బదిలీ అయితే ఇంకో టీచరు వస్తాడు. కంపెనీ మూతపడితే పాఠానికి దిక్కెవరు? తయారు చేసిన ఆ పాఠంలో మన వూరి మాట, మన వాడ బతుకు, మన భాష వున్నాయా? 'నాలుగంతస్తుల భవనంలో లిఫ్టు' అని లెక్క ఇస్తే సాంచాల లెక్క, బీడీ కట్టల లెక్క వచ్చిన బిడ్డ తెలివితక్కువది అయిపోతుంది. వెయ్యి బీడీలకు కూలి ఎంత, ఆకు కోత కింద షావుకారు పట్టుకున్నది ఎంత అన్నది కూడా గణితమే. దాన్ని తెర మీదికి తెచ్చినప్పుడు ఆ బిడ్డ మొదటి వరసలో కూర్చుంటుంది.

చర్చకు కొన్ని డిమాండ్లు

కార్యకర్తలు, టీచర్లు తమ తమ మండలాల్లో ఈ కింది పనులు చేయగలరని నేననుకుంటున్నాను.

ఒకటి, లెక్క మార్చాలి. ఇప్పుడు బడిలో ఎన్ని యంత్రాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి అని రాస్తున్నారు. ఒక్కో బిడ్డ చేతికి వారంలో ఎన్ని నిమిషాలు వచ్చిందో రాయాలి. ఆ లెక్క ఆడపిల్లలకు విడిగా, షెడ్యూల్డ్ కులాల్లో ఒక్కో ఉపకులానికి విడిగా వుండాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 షెడ్యూల్డ్ కులాలను మూడు గ్రూపులు చేసి వర్గీకరణ అమలవుతోంది కాబట్టి వివరాలు లేవు అనే సాకు చెల్లదు. దీనికి ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక నోటు పుస్తకం, ఒక గడియారం చాలు.

రెండు, పగిలిన వస్తువుకు టీచరు బాధ్యత అనే పద్ధతి రద్దు చేయాలి. బాగుచేయడానికి బడికి డబ్బు ఇవ్వాలి. వాడి పాతబడిన యంత్రం బడికి గౌరవం, కొత్తగా మెరిసే యంత్రం అవమానం అనే చూపు రావాలి.

మూడు, సాయంత్రం పూట బడి కంప్యూటర్ గదిని వాడ వాళ్ళకు తెరవాలి. తల్లి తన భూమి రికార్డు, పీఎఫ్ లెక్క బిడ్డ పక్కన కూర్చుని చూసుకోవాలి. భాగ్యరెడ్డి వర్మ కాలం నుంచీ మన బడి పిల్లలకే పరిమితమైన బడి కాదు, వాడ మొత్తానికి బడి.

నాలుగు, పాఠాలు తయారు చేసే చోట మన టీచర్లు వుండాలి. జగిత్యాల యాసలో, సిరిసిల్ల పనిముట్ల పేర్లతో పాఠం రావాలి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. మంచిదే, అది మన పాత డిమాండే. అయితే ఇంగ్లీషుకు తోవ బిడ్డ ఇంటి భాషలోంచే వేయాలి.

ఇసుకకు ధర లేకపోయినా మన వేలికి అందలేదు. నల్లబల్ల దాకా పోవడానికి పది అడుగులు నడవనియ్యలేదు. కిట్టు బీరువాలో, కంప్యూటర్ తాళం వెనక, టీవీ పాఠం కరెంటు వెనక ఆగిపోయాయి. ఇప్పుడు తెర వచ్చింది, రేపు ఇంకేదో వస్తుంది. వచ్చినప్పుడల్లా ధర ఎంత, ఎవరు ప్రారంభించారు అని పత్రికలు రాస్తాయి. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగే పని మాత్రం మనమే చేయాలి.